నాలుగక్షరాల ప్రశ్న, ఆరంకెల జవాబు

సెమినార్ హాలు ఉన్న చాలా కాలేజీల్లో తలుపు వెనక ఒక కర్ర ఉంటుంది. దాన్ని ఎవరూ కొనలేదు, స్టాకు రిజిస్టరులో దాని పేరు ఉండదు. బూజుకర్రో పాత కర్టెన్ రాడ్డో తీసుకుని, చివర గుడ్డపేలిక చుట్టి, సీలింగుకి వేలాడే ప్రొజెక్టర్ బొత్తాన్ని కింద నుంచి పొడవడానికి ఎవరో తయారుచేసిన పనిముట్టు అది. రిమోట్‌లోని సెల్లులు గోడగడియారంలోకి చేరి ఉంటాయి. లేదంటే రిమోటే హెచ్‌ఓడీ గారి బీరువాలో ఉంటుంది, బీరువా తాళం ఆయన జేబులో, ఆయన సెలవులో ఉంటారు. ముఖ్య అతిథి మైకు ముందు గొంతు సవరించుకుంటుంటే అటెండరు కర్ర పట్టుకుని గురి చూస్తుంటాడు.

తమాషా ఏమిటంటే అదే ప్రొజెక్టర్ వీపున, దుమ్ము పట్టి, నెట్‌వర్క్ కేబులు పెట్టే రంధ్రం ఒకటి ఖాళీగా ఉంటుంది. అందులో కేబులు పెట్టి ఏ కంప్యూటర్ నుంచైనా నాలుగు అక్షరాలు టైపు చేస్తే ప్రొజెక్టర్ వెలుగుతుంది, ఆరిపోతుంది, తన ఒంట్లో ఎలా ఉందో చెబుతుంది. ఈ సదుపాయం కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. ఇరవై ఏళ్లకు దగ్గరగా అందుబాటులో ఉంది. అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది ఈ వ్యాసం విషయం.

మొదట రిమోట్ సంగతి. మన చేతిలోని రిమోట్ కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును సెకనుకు సుమారు 38 వేల సార్లు మిణుకుమనిపిస్తూ సంకేతం పంపుతుంది. వెలుగు అటు పోవడమే గాని ఇటు ఏమీ రాదు. ప్రొజెక్టర్ విన్నదా, వినలేదా, విని కూడా చేయలేకపోయిందా అనేది రిమోట్‌కి తెలియదు. తెర వంక చూసి మనమే తెలుసుకోవాలి. అంటే మనిషి ఆ గదిలో ఉండి తీరాలి. ముప్ఫై తరగతి గదులున్న కాలేజీలో సాయంత్రం ఎన్ని ప్రొజెక్టర్లు ఆర్పకుండా వదిలేశారో తెలియాలంటే ముప్ఫై తలుపులు తీసి చూడాలి. టైపు చేసే ఆజ్ఞలతో వచ్చిన అసలు లాభం దూరం నుంచి ఆన్ చేయడమని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అది చిన్న లాభమే. దూరం నుంచి అడగగలగడం, అడిగితే జవాబు రావడం పెద్ద లాభం.

ఈ అడిగే పద్ధతి నెట్‌వర్క్‌తో మొదలవలేదు. 1960లో అమెరికాలో ఆర్‌ఎస్-232 అనే తీగ ప్రమాణం వచ్చింది. టెలిప్రింటర్లను మోడెములతో కలపడానికి పుట్టింది. తర్వాత కంప్యూటర్ వెనక తొమ్మిది సూదుల సాకెట్‌గా మన తరానికి పరిచయమైంది. 1990ల నాటి ప్రొజెక్టర్లకు ఆ సాకెట్ ఉండేది, ఇప్పటికీ పెద్ద మోడళ్లకు ఉంటుంది. ఆ తీగ మీద సెకనుకు 9600 బిట్ల వేగంతో, అంటే ఈనాటి లెక్కన నత్తనడకన, అక్షరాలు నడుస్తాయి. తీగ పొడవు పదిహేను మీటర్లు దాటితే మాట తడబడుతుంది. రెండో సూది, మూడో సూది అటూ ఇటూ మార్చి కలపాల్సిన చోట నేరుగా కలిపితే ఇద్దరూ మాట్లాడతారు, ఇద్దరూ వినరు. ఈ రెండు సూదుల దగ్గర నేను పోగొట్టుకున్న సాయంత్రాలు తక్కువేం కాదు.

మరి అక్షరాలే ఎందుకు? యంత్రాలు మాట్లాడుకోవడానికి మనిషి చదవగలిగే మాటలు ఏం అవసరం అని ఎవరైనా అడగొచ్చు. 1981లో హేస్ కంపెనీ మోడెము ‘ఏటీ’ అనే రెండక్షరాలతో మొదలయ్యే ఆజ్ఞలు విన్నప్పుడే దీనికి జవాబు దొరికింది. 1982 నాటి ఈమెయిల్ ప్రమాణంలో సర్వర్లు ఒకదాన్నొకటి ‘హెలో’ అని పలకరించుకున్నప్పుడూ అదే జవాబు. పని చెడినప్పుడు మనిషి మధ్యలో కూర్చుని, తనే టైపు చేసి, ఎవరు అబద్ధమాడుతున్నారో చూడొచ్చు. ఎన్‌ఈసీ ప్రొజెక్టర్ల సొంత భాష మాత్రం ఈ దారి పట్టలేదు. అందులో వెలిగించాలంటే ఆరు బైట్లు పంపాలి, ఆరో బైటు ముందున్న అయిదింటి మొత్తం. యంత్రానికి అది శుభ్రంగానే ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి ఆడిటోరియంలో నిచ్చెనెక్కిన మనిషికి మాత్రం కాదు.

అక్షరాలు వాడిన కంపెనీలు కూడా ఒక్కొక్కటి ఒక్కో యాస పెట్టుకున్నాయి. బెన్‌క్యూ ఆజ్ఞ నక్షత్రం గుర్తుతో మొదలై పౌండు గుర్తుతో ముగుస్తుంది. ఆప్టోమాకి ముందు ఒక అల గీత, తర్వాత ప్రొజెక్టర్ సంఖ్య, తర్వాత ఆజ్ఞ సంఖ్య. క్రిస్టీ తన ఆజ్ఞలను బ్రాకెట్లలో పెట్టమంటుంది. సోనీ ఆధునిక భాషలో ‘పవర్’ అని మామూలు మాటే రాసి, ‘ఆన్’ అనేదాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ‘ఓకే’ అని జవాబొస్తుంది. అన్నిటిలోకీ చదవడానికి హాయైనది ఇదే. తలుపు సంఖ్యలూ, అంటే నెట్‌వర్క్ పోర్టు సంఖ్యలూ వేరు. ఎప్సన్ తన నెట్‌వర్క్ భాషను 3629 పోర్టులో వింటుంది, సోనీ 53595లో, పానాసోనిక్ 1024లో, ఎన్‌ఈసీ 7142లో, జేవీసీ 20554లో. ఒకే కాలేజీలో మూడు విడతలుగా మూడు కంపెనీల ప్రొజెక్టర్లు కొని ఉంటే వాటిని ఒకే చోట నుంచి నడపాల్సిన ప్రోగ్రాము మూడు భాషలు నేర్వాలి.

యాస వేరైతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఎప్సన్ సొంత భాషలో ‘నీ పవర్ పరిస్థితి ఏమిటి’ అని అడిగితే 01 అంటే వెలుగుతున్నాను, 02 అంటే వేడెక్కుతున్నాను, 03 అంటే చల్లారుతున్నాను. కంపెనీలన్నిటికీ ఉమ్మడిగా వచ్చిన భాషలో అదే ప్రశ్నకు 1 అంటే వెలుగుతున్నాను, 2 అంటే చల్లారుతున్నాను, 3 అంటే వేడెక్కుతున్నాను. రెండూ మూడూ తారుమారు. ఒక భాషకు రాసిన ప్రోగ్రామును తలుపు సంఖ్య మాత్రం మార్చి ఇంకో భాషకు అంటిస్తే అది ఆన్ అవుతున్న ప్రొజెక్టర్‌ని ఆఫ్ అవుతోందనుకుని ఓపిగ్గా ఎదురుచూస్తుంది. నేను చేసిన తప్పే ఇది. బయటపడ్డానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే రెండు నిమిషాల తర్వాత ఎలాగూ అంతా సర్దుకునేది.

ఆ ఉమ్మడి భాష పేరు పీజేలింక్. జపాన్‌లో ఆఫీసు యంత్రాల తయారీదారుల సంఘం ఒకటి ఉంది, పొట్టిగా జేబీఎంఐఏ అంటారు. మార్కెట్లో ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీలే అందులో కూర్చుని ఈ శతాబ్దం తొలి దశకంలో ఈ ప్రమాణాన్ని తయారుచేశాయి. దానికి రెండు తరగతులున్నాయి. మొదటి తరగతి ప్రమాణం 1.04వ కూర్పు 2013 డిసెంబరులో వచ్చింది, రెండో తరగతి 2017లో. ప్రమాణ పత్రం ఉచితం, ఎవరైనా దించుకుని ఒక పూటలో చదివేయొచ్చు. ఇంత చిన్న పత్రం ఇంతకాలం నిలబడటానికి కారణం అందులో ఉన్నదానికంటే లేనిదే. రంగుల సర్దుబాటు లేదు, లెన్సు జరపడం లేదు, తెర మూలలు సరిచేసే కీస్టోన్ లేదు. కంపెనీలు పోట్లాడుకునే చోట్లన్నీ వదిలేసి, ప్రతి ప్రొజెక్టర్‌కీ తప్పనిసరిగా ఉండేవే తీసుకున్నారు.

దాని వ్యాకరణం ఇంతే. ముందు శాతం గుర్తు, పక్కన తరగతి అంకె, తర్వాత నాలుగక్షరాల ఆజ్ఞ, ఒక ఖాళీ, ఆ తర్వాత విలువ. ఆజ్ఞ సరిగ్గా నాలుగక్షరాలే ఉండాలి కాబట్టి ‘పవర్’ అనే ఇంగ్లిషు మాటలో ‘ఈ’ రాలిపోయి పి, ఓ, డబ్ల్యూ, ఆర్ మిగిలాయి. ‘ఇన్‌పుట్’లో ‘యు’ పోయింది. ‘ల్యాంప్’ అదృష్టవంతురాలు, ఉన్నదే నాలుగక్షరాలు. విలువ స్థానంలో 1 పెడితే వెలుగు, 0 పెడితే ఆరిపో, ప్రశ్నార్థకం పెడితే చెప్పు. జవాబు కూడా అదే మాటతో మొదలై సమానం గుర్తు తర్వాత వస్తుంది. తప్పులు నాలుగు రకాలు. ఒకటోది, ఆ మాట నాకు తెలియదు. రెండోది, మాట తెలుసు, విలువ తప్పు. మూడోది, మాటా విలువా సరే, ఇది సమయం కాదు. నాలుగోది, నాకే ఆరోగ్యం బాగాలేదు. మన ప్రభుత్వ కార్యాలయాల్లో దరఖాస్తు తిప్పి పంపేటప్పుడు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి రాసినా ఎంత బాగుండేదో.

ఈ మాటలన్నీ 4352 అనే పోర్టుకి పంపాలి. అక్కడ కొత్తవాళ్లంతా పడే గుంట ఒకటుంది. వాక్యం చివర పంపాల్సిన గుర్తు 13వ సంఖ్య గల అక్షరం, దాని పేరు ‘క్యారేజ్ రిటర్న్’. మన ఊళ్ల టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పాసైన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వరుస చివర గంట మోగాక ఎడమచేత్తో మీట పట్టుకుని బండిని కుడివైపుకి తోసేవాళ్లం. అదే క్యారేజ్ రిటర్న్. కాగితం ఒక వరుస పైకి జరగడం వేరే పని, దాని సంఖ్య 10. మిషను మీద ఆ రెండూ ఒకే మీటతో జరిగేవి. కంప్యూటర్లు వాటిని విడగొట్టాయి. లినక్స్‌లో ఎంటరు కొడితే 10 మాత్రమే పోతుంది. పీజేలింక్ ప్రొజెక్టర్ 13 కోసం చూస్తూ మౌనంగా కూర్చుంటుంది. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నా జవాబు రాదు, తప్పు సంఖ్య కూడా రాదు. దాని దృష్టిలో మీ వాక్యం ఇంకా పూర్తే కాలేదు. ముప్ఫై సెకన్లు ఏమీ వినపడకపోతే ఫోను పెట్టేసినట్టు కనెక్షను తెంచేస్తుంది.

‘ఇది సమయం కాదు’ అనే మూడో తప్పు దగ్గర కాస్త ఆగాలి. ప్రొజెక్టర్ బల్బు మామూలు బల్బు కాదు. 1990లలో ఫిలిప్స్ తెచ్చిన యూహెచ్‌పీ అనే పాదరసపు ల్యాంపులో, వేలెడు కూడా లేని గాజు గొట్టంలో, వెలిగేటప్పుడు ఒత్తిడి వాతావరణ పీడనానికి రెండు వందల రెట్లు ఉంటుంది. పాదరసం పూర్తిగా ఆవిరయ్యేదాకా పూర్తి వెలుగు రాదు. అది వేడెక్కే దశ. ఆర్పాక ఫ్యాను తిరుగుతూ ఆ వేడిని మెల్లగా దించాలి. అది చల్లారే దశ. వేడిగా ఉన్న ల్యాంపును మళ్లీ వెంటనే వెలిగించడం కష్టం, ఒత్తిడి మీదున్న వాయువును చీల్చి విద్యుత్తు నడవదు. అందుకే ఆ మధ్యకాలంలో ‘వెలుగు’ అని ఎంత అరిచినా ప్రొజెక్టర్ మూడో తప్పే పంపుతుంది. రిమోట్ పట్టుకున్న మనిషి ఆ రెండు నిమిషాల్లో బొత్తాం పదిసార్లు నొక్కుతాడు, నాలుగోసారి నొక్కింది ఎక్కడో లెక్కలోకి వచ్చి, వెలిగిన వెంటనే మళ్లీ ఆరిపోతుంది. టైపు చేసే ప్రోగ్రామైతే ముందు పరిస్థితి అడిగి, 2 అని జవాబొస్తే పది సెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది. లేజరు ప్రొజెక్టర్లు వచ్చాక ఈ బాధ బాగా తగ్గింది. కాని మన కాలేజీల్లో ల్యాంపు ప్రొజెక్టర్లు ఇంకా చాలా ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు ఫ్యాను చల్లార్చే అవకాశమే లేకుండా వాటి ప్రాణం తరుగుతుంది. ప్రొజెక్టర్‌ని కూడా యూపీఎస్ మీద పెట్టమని అందుకే అంటారు.

ఇప్పుడు ఈ వ్యాసానికి ప్రాణమైన చోటికి వద్దాం. పీజేలింక్‌లో నాకు అత్యంత ఇష్టమైన మాట ‘వెలుగు’ కాదు, ‘ఒంట్లో ఎలా ఉంది’. దానికి జవాబుగా ఆరంకెలు వస్తాయి. వరుసగా ఫ్యాను, ల్యాంపు, వేడి, మూత, ఫిల్టరు, మిగతావి. ప్రతి స్థానంలో 0 అంటే బాగుంది, 1 అంటే జాగ్రత్త, 2 అంటే చెడింది. ఆరు సున్నాలొస్తే ఆ గది గురించి మర్చిపోవచ్చు. అయిదో స్థానంలో 1 కనిపిస్తే ఫిల్టరు దుమ్ముతో మూసుకుంది. రోడ్డు పక్క గదుల్లో, సున్నం రాలే పాత భవనాల్లో ఈ ఒకటి తరచూ కనిపిస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే కొన్ని వారాలకు మూడో స్థానంలో, అంటే వేడి దగ్గర, 1 వస్తుంది. ఆ తర్వాత ఒక రోజు పాఠం మధ్యలో ప్రొజెక్టర్ తనంతట తానే ఆరిపోతుంది. ‘కంపెనీ మంచిది కాదండీ’ అని అందరూ అంటారు. ఫిల్టరు దులిపితే పోయేది.

ల్యాంపు అనే ప్రశ్నకు ఇప్పటిదాకా ఎన్ని గంటలు వెలిగింది, ఇప్పుడు వెలుగుతోందా లేదా అని రెండు సంఖ్యలొస్తాయి. ఒక తరగతి గదిలో రోజుకు ఆరు గంటలు, నెలకు 22 రోజులు వాడితే 132 గంటలు. నాలుగు వేల గంటల ల్యాంపు రెండున్నరేళ్లు వస్తుంది. ముప్ఫై గదుల సంఖ్యలు రోజూ రాత్రి ఒక పట్టికలో పడుతుంటే ఏ ఏడాది ఎన్ని ల్యాంపులు కొనాలో బడ్జెట్ సమావేశానికి ముందే తెలుస్తుంది. పట్టిక లేకపోతే పరీక్షల వారంలో ల్యాంపు పోతుంది, ఇండెంటు పెడతారు, వచ్చేసరికి వేసవి సెలవులు. నేను చూసిన ఒక కాలేజీలో ఇంకో సంగతి బయటపడింది. పేరు చెప్పను. గంటల పట్టిక గీసి చూస్తే ఒక గదిలో ఆదివారాలు కూడా సంఖ్య పెరుగుతోంది. శనివారం సాయంత్రం ఆర్పకుండా తాళం వేసి వెళ్తున్నారు. రాత్రి ఎనిమిదికి అన్ని గదులకూ 0 పంపే నాలుగు వరుసల ప్రోగ్రాముతో ఆ ఖర్చు ఆగిపోయింది. ఆ ప్రోగ్రాము రాయడానికి పైథాన్‌లో ఉచిత లైబ్రరీలున్నాయి. ఇంట్లో సినిమా గది పెట్టుకున్నవాళ్లు హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరులో, వేదికల మీద పనిచేసేవాళ్లు కంపానియన్ అనే సాఫ్ట్‌వేరులో పీజేలింక్‌ని సిద్ధంగా కలిపి ఉంచుకోవచ్చు.

చిన్న మాటే అయినా వేదిక మీద అక్కరకొచ్చేది ఇంకొకటుంది. బొమ్మనూ శబ్దాన్నీ తాత్కాలికంగా మూసే ఆజ్ఞ. 31 అంటే రెండూ మూయి, 30 అంటే తెరువు. వక్త స్లైడు అయిపోయి ప్రశ్నలకు వచ్చినప్పుడు తెరమీద ఎవరిదో డెస్క్‌టాప్, దాని మీద పెళ్లి ఫొటో కనిపించకుండా ఉండాలంటే ఇదే దారి. ల్యాంపు ఆరదు, వేడెక్కే గొడవ లేదు. మరో విషయం తెలుగువాళ్లకు సరదాగా ఉంటుంది. ప్రొజెక్టర్ పేరు ఏమిటని అడిగితే జవాబు యూటీఎఫ్-8లో, 64 బైట్లకు మించకుండా రావాలని ప్రమాణం చెబుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోదానికి మూడేసి బైట్లు. ‘సెమినార్ హాల్’ అని రాస్తే మధ్య ఖాళీతో కలిపి 37 బైట్లు, పట్టేస్తుంది. కీర్తిశేషులైన దాత ఇంటి పేరుతో సహా హాలు పేరంతా పెట్టాలంటే మాత్రం మధ్యలో తెగుతుంది. ప్రమాణం ఒప్పుకున్నా ప్రొజెక్టర్ సెట్టింగుల పేజీ తెలుగు టైపు చేయనివ్వకపోవచ్చు, అది వేరే గొడవ.

ఇన్ని చెప్పాక, మొదటి రోజు కేబులు పెట్టి ప్రయత్నించినవాళ్లు సాధారణంగా చెప్పే మాట ‘పనిచేయడం లేదు’. కారణం చాలాసార్లు ఒకటే. ప్రొజెక్టర్ స్టాండ్‌బైలో ఉన్నప్పుడు తన నెట్‌వర్క్ భాగాన్ని కూడా ఆపేసుకుంటుంది. ఆఫ్‌లో ఉన్న పరికరం అర వాట్‌కు మించి తినకూడదని 2013 నుంచి యూరప్ నియమం పెట్టింది. ప్రపంచమంతటికీ ఒకే పెట్టె అమ్మే కంపెనీలు దాన్నే ముందస్తు సెట్టింగుగా పెట్టి పంపుతాయి. ఆ నిద్రలో ఉన్నవాడికి ‘లే’ అంటే వినపడదు. మెనూలో స్టాండ్‌బై మోడ్ అనేచోట నెట్‌వర్క్ ఆన్ అని మార్చాలి. అందుకు కొంత అదనపు కరెంటు పోతుంది. ఆదివారాలు ఆర్పకుండా వదిలిన ల్యాంపు ముందు అది లెక్కలోకి రాదని నా అభిప్రాయం.

అసలు చిక్కు నమ్మకం దగ్గర ఉంది. పీజేలింక్‌లో పాస్‌వర్డు ఐచ్ఛికం. కనెక్టవగానే ప్రొజెక్టర్ 0 అంటే పాస్‌వర్డు అక్కర్లేదని అర్థం, ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు. 1 అంటే దాంతోపాటు ఎనిమిది అక్షరాల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి ఇస్తుంది. మనం ఆ సంఖ్య వెనక పాస్‌వర్డు చేర్చి, ఎండీ5 అనే లెక్క వేసి, వచ్చిన 32 అక్షరాలను మొదటి ఆజ్ఞ ముందు తగిలించి పంపాలి. పాస్‌వర్డు తీగమీద నేరుగా నడవదు. ఆ కాలానికి ఇది తెలివైన ఏర్పాటే. అయితే ఎండీ5ని రొనాల్డ్ రివెస్ట్ తయారుచేసింది 1991లో. 2004లో చైనా గణితవేత్త వాంగ్ షియావోయున్, ఆమె సహచరులు దాని బలహీనతను లోకానికి చూపించారు. ఎండీ5 పాతది కాబట్టి పీజేలింక్ పనికిరాదని తేల్చేసేవాళ్లతో నేను ఏకీభవించను. వాంగ్ చూపింది ఒకే ఫలితమిచ్చే రెండు వేర్వేరు పాఠాలను తయారుచేసే దారి, ఇక్కడ ప్రమాదం అది కాదు. తీగమీద సంభాషణ విన్నవాడు ఆ సంఖ్యనూ ఆ 32 అక్షరాలనూ ఇంటికి తీసుకెళ్లి, తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డూ ప్రయత్నించొచ్చు. ఎనిమిది అంకెల పాస్‌వర్డంటే పది కోట్ల అవకాశాలు, ఈనాటి గ్రాఫిక్స్ కార్డుకి సెకను పని కూడా కాదు. పైగా ఆజ్ఞలు ముసుగు లేకుండా నడుస్తాయి. సోనీ తన సొంత భాషలో ఎండీ5 బదులు షా-256 వాడింది. మెరుగే, కాని అక్కడ కూడా ఆజ్ఞలు తెరిచిన ఉత్తరాలే.

నా అనుభవంలో అంతదూరం పోయి ఛేదించాల్సిన అవసరమే ఎవరికీ రాదు. చాలాచోట్ల పాస్‌వర్డు లేదు, ఉన్నచోట మాన్యువల్‌లో అచ్చయినదే ఉంది. మూడేళ్ల కిందట ఒక సంస్థలో విద్యార్థుల వైఫైకీ ప్రొజెక్టర్లకూ ఒకే నెట్‌వర్క్. పరీక్ష ముందు రోజు పాఠం మధ్యలో అయిదు గదుల్లో ఒకేసారి తెరలు నల్లబడ్డాయి. కరెంటు పోయిందనుకున్నారు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరు చేశారో ఎవరూ పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే ఆ పిల్లవాణ్ణి తిట్టాలో, నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్‌లో మార్కులు వేయాలో నాకు తెలియదు. మందు మాత్రం చవకైనది. ప్రొజెక్టర్లను వేరే వీలాన్‌లో, అంటే అదే స్విచ్‌ల మీద గోడ కట్టిన వేరే వాడలో పెట్టడం, ఆ వాడలోకి ఒక్క కంప్యూటర్‌కే దారి ఇవ్వడం. పాస్‌వర్డుకి ప్రమాణం 32 అక్షరాల దాకా ఒప్పుకుంటుంది, పూర్తిగా వాడుకోవాలి. ఇంటర్నెట్ నుంచి 4352 పోర్టుకి దారి తెరవడానికి నాకు ఒక్క మంచి కారణం కూడా కనపడలేదు.

2017 నాటి రెండో తరగతిలో కొన్ని మంచి మాటలు చేరాయి. వరుస సంఖ్య, లోపలి సాఫ్ట్‌వేరు కూర్పు, ఫిల్టరు వాడిన గంటలు, శబ్దం పెంచడం తగ్గించడం, బొమ్మను నిలిపేయడం. మొదటి తరగతిలో హెచ్‌డీఎంఐ ఎక్కడుందో తెలియక ఒక కంపెనీలో 31, ఇంకోదాంట్లో 32 అని తడుముకునేవాళ్లం. ఇప్పుడు ఇన్‌పుట్ పేరేమిటని నేరుగా అడగొచ్చు. నెట్‌వర్క్ మొత్తానికి ‘ఎవరెవరున్నారు’ అని ఒక్క కేక వేస్తే ప్రొజెక్టర్లన్నీ తమ మ్యాక్ అడ్రసులతో ‘ఉన్నాం’ అంటాయి, హాజరు పట్టీలాగ. పవర్ మారినా, ఒంట్లో తేడా వచ్చినా మనం అడక్కుండానే అవే కబురు పంపే ఏర్పాటూ ఉంది. మంచి ఏర్పాటే, కాని అమలు చేయని మోడళ్లు చాలా ఉన్నాయి. పెట్టె మీద పీజేలింక్ అని ఉండి, తరగతి ఎంతని అడిగితే 1 అనే ప్రొజెక్టర్లు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

పోటీదారులు లేరని కాదు. దాదాపు ప్రతి ప్రొజెక్టర్‌కీ సొంత వెబ్ పేజీ ఉంటుంది. ఒక గదికి బాగుంటుంది, ముప్ఫై గదులకు ముప్ఫై ట్యాబులు తెరవాలి. క్రెస్ట్రాన్, ఎక్స్‌ట్రాన్, ఏఎంఎక్స్ లాంటి నియంత్రణ పెట్టెలు గోడమీద అందమైన తెర ఇస్తాయి. లోపల అవి కూడా చాలాసార్లు ఈ నాలుగక్షరాల మాటలే మాట్లాడతాయి, మనం కట్టేది ఆ అందానికి. కంపెనీల క్లౌడ్ సేవలు వస్తున్నాయి. మన హాల్లో దీపం వెలిగిందా లేదా అని తెలుసుకోవడానికి మాట వేరే దేశపు సర్వర్‌దాకా పోయి రావడం నాకు మింగుడుపడదు, ఇంటర్నెట్ లేని రోజున అదీ ఉండదు. పెద్ద వేదికల మీద నాలుగైదు ప్రొజెక్టర్ల బొమ్మలు అంచులు కలిపి ఒకటిగా చూపేచోట మాత్రం పీజేలింక్ చాలదు. లెన్సు జరపడానికీ, అంచులు కలపడానికీ ఆ కంపెనీ సొంత భాషే నేర్వాలి. సినిమా హాళ్లదీ వేరే లోకం. అక్కడ విశ్రాంతి రాగానే దీపాలు పెంచి, ప్రకటనల కొలతకు లెన్సు మార్చే పనిని ప్లేలిస్టులో ముందే రాసి పెట్టిన సూచనలు చేస్తాయి. ఆపరేటరు బూత్‌లో లేకపోయినా ఆట నడుస్తుంది.

ఇప్పుడు తరగతి గదుల్లోకి ప్రొజెక్టర్ బదులు ముట్టుకుంటే పలికే పెద్ద టీవీ పలకలు వస్తున్నాయి కదా, ఇదంతా ఎందుకని కొందరంటారు. పలకకు ల్యాంపు లేదు, ఫిల్టరు దులపక్కర్లేదు. కాని ఆర్పడం మర్చిపోయేది అదే మనిషి. రెండో తరగతి ప్రమాణం ప్రొజెక్టర్లతోపాటు డిస్‌ప్లేలనూ కలుపుకునే రాశారు. పలక కొన్నా ఇవే ప్రశ్నలు అడగొచ్చు, అది వినే రకమైతే.

అందుకే కొనేవాళ్లకు, ముఖ్యంగా టెండరు కాగితాలు రాసే ప్రిన్సిపాళ్లకూ ఇంజనీర్లకూ ఒక మనవి. ల్యూమెన్లు ఎన్ని, కాంట్రాస్టు ఎంత అని రాసే వరుసల కింద ఇంకో వరుస చేర్చండి: పీజేలింక్ రెండో తరగతి ఉండాలి, స్టాండ్‌బైలో కూడా నెట్‌వర్క్ పనిచేయాలి, అమర్చేటప్పుడే మా సిబ్బంది ఎదుట చూపించాలి. అమర్చడానికొచ్చిన మనిషిని నిచ్చెన దిగనివ్వకముందే పాస్‌వర్డు మార్పించి, దాన్ని రిజిస్టరులో రాయించుకోండి. బీరువాలో మాత్రం పెట్టకండి.